1951 విరమణ: అడవిలో మిగిలినవాళ్ళు

చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం వారు అడిగినప్పుడు సేవాలాల్ మహరాజ్ గురించో, కొమరం భీం గురించో రాద్దామనుకున్నాము. వారి గురించి మాకంటే బాగా తెలిసినవారు ఉన్నారు. పైగా మనం ఎప్పుడూ పోరాటం మొదలుపెట్టినవాళ్ళ గురించే రాసుకుంటాం. పోరాటం ఆపడం అనేది ఎంత కష్టమో, ఆపినప్పుడు ఎవరి మీద ఏం పడిందో రాసుకోవడం తక్కువ. అందుకని ఈసారి తెలంగాణ సాయుధ పోరాట విరమణ గురించి, అందులో గిరిజనుల గురించి రాస్తున్నాము.

ఎక్కడి బత్తలపల్లె, ఎక్కడి తెలంగాణ అని అనుకోవచ్చు. కారణం ఉంది. మా చుట్టుపక్కల బోరు వేయించని ఇల్లు తక్కువ. మూడు బోర్లు ఎండిపోయినాక నాలుగోది వేయాలా వద్దా అన్నది మా ఇళ్ళలో రాత్రిళ్ళు జరిగే పెద్ద చర్చ. ఆపితే ఇంతవరకు పెట్టిందంతా మట్టిలో పోసినట్టే. ఆపకపోతే మిగిలిన పొలమూ అప్పులోళ్ళ చేతికి పోతుంది. మా తండాలో ఒక మామ నాలుగో బోరు దగ్గర ఆపేసినాడు. ధైర్యం చాలనోడని అందరూ నవ్వినారు. ఐదోది, ఆరోది వేసినవాళ్ళు పొలం అమ్ముకుని బెంగళూరు పోయినారు. మామ వానను నమ్ముకుని వేరుశనగ వేసుకుంటూ ఇక్కడే ఉన్నాడు. అట్లని ఆయన గెలిచినాడని మేము అనడం లేదు. ఆ తర్వాత రెండేళ్ళు వానే లేదు.

రాత్రి స్టడీ అవర్లో సాంఘికశాస్త్రం చెబుతూ తెలంగాణ పోరాటం దగ్గరికి వచ్చి, 1951 అక్టోబరులో పోరాటం విరమించారు అని చెప్పి ముందుకు పోతుంటే, పదో తరగతి పిల్ల ఒకతె లేచి అడిగింది. "విరమించినారు సరే మేడం, ఆ అడవిలో ఉండే కోయోళ్ళను అడిగి విరమించినారా?" ట్రైనింగులో మాకు నేర్పిన జవాబులేవీ ఆ ప్రశ్నకు సరిపోలేదు. ఆ పిల్ల కోసం మళ్ళీ పుస్తకాలు తిరగేసినాము.

పోరాటం మొదలైన కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాము. నిజాం రాజ్యంలో దేశ్‌ముఖ్‌ల వెట్టి, అక్రమ వసూళ్ళు, భూముల ఆక్రమణ. ఆంధ్ర మహాసభ వెనక జనం కూడడం. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దొర గూండాల తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరగడం. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ఆయుధం పట్టమని పిలుపు ఇవ్వడం. పుచ్చలపల్లి సుందరయ్య గారి లెక్క ప్రకారం దాదాపు 3,000 గ్రామాలలో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయి, 10 లక్షల ఎకరాలు పంచారు.

ఇందులో మన లంబాడీలు ఎక్కడున్నారు? మొదటి వరుసలోనే ఉన్నారు. జనగామ ప్రాంతంలోని ధర్మాపురం తండావాళ్ళు తమ చేతుల్లోని భూమిని దొర లాక్కోబోతే ఎదురు నిలిచారు. ఆ తండా బిడ్డ జాటోతు ఠాను నాయక్ పేరు ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు. ఆయన 1950లో చనిపోయారు. ఆ సంవత్సరాన్ని గమనించమని మా పిల్లలకు చెబుతాము. నిజాం లొంగిపోయింది 1948లో. రజాకార్లు పోయినాక, హైదరాబాదు భారతదేశంలో కలిసినాక, ఇంకా రెండేళ్ళకు ఠాను నాయక్ చనిపోయారు. అసలు చిక్కంతా ఈ రెండు తేదీల మధ్యే ఉంది.

1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య ఐదు రోజుల్లో ముగిసింది. నిజాం లొంగిపోయాడు. భారత సైన్యం వస్తుంటే ఊళ్ళల్లో జనం సంతోషపడ్డారు. ఆపాలా వద్దా అన్న ప్రశ్న మొదటిసారి అప్పుడు వచ్చింది. ఎవరి మీద యుద్ధం చేస్తున్నామో వాడు పోయాడు, ఇప్పుడు తుపాకి ఎవరి మీద పెడతాం, నెహ్రూ ప్రభుత్వాన్ని జనం నిజాంలాగా చూడడం లేదు కదా అన్నది రావి నారాయణరెడ్డి వాదన. పిలుపు ఇచ్చిన ముగ్గురిలో ఆయనే మొదటి పేరు. పిలుపు ఇచ్చిన మనిషే ఆపమని చెప్పడం చిన్న విషయం కాదు. ఆయన్ను పిరికివాడన్నారు, ఇంకా పెద్ద మాటలే అన్నారు.

రెండో వైపు వాదన కూడా తీసిపారేసేది కాదు. సైన్యం వెనకాలే పారిపోయిన దొరలు తిరిగి వస్తున్నారు. తుపాకి దించిన మరుసటి రోజే పంచిన భూమి మళ్ళీ దొర కచ్చేరీలోకి పోతుంది, పంచుకున్నవాడి వీపు పగులుతుంది. దేవులపల్లి వెంకటేశ్వరరావు లాంటివారు చివరిదాకా ఈ మాట మీదే నిలబడ్డారు. సైన్యాధికారి జె.ఎన్. చౌదరి పాలనలో ఊళ్ళల్లో జరిగింది చూస్తే ఆ భయం ఉత్తది కాదని తెలుస్తుంది. అంటే ఆపమన్నవాళ్ళూ నిజమే చెప్పారు, ఆపొద్దన్నవాళ్ళూ నిజమే చెప్పారు. పోరాటం కొనసాగించాలన్న నిర్ణయమే నిలిచింది.

ఆ నిర్ణయం తీసుకున్నాక పోరాటం జరిగే చోటు మారింది. మా పిల్ల ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉందని మాకు అనిపిస్తుంది. నల్లగొండ, వరంగల్ మైదానాల్లో సైన్యం ముందు దళాలు నిలవలేకపోయాయి. దాగడానికి కొండ లేదు, చెట్టు లేదు. 1949 నుంచి దళాలు రెండు దిక్కులకు వెళ్ళాయి. ఒకటి కృష్ణ అడవి, అంటే చెంచులు ఉండే నల్లమల. రెండోది గోదావరి అడవి, అంటే మానుకోట, ఇల్లెందు, పాల్వంచ, ములుగు వైపు కోయలు ఉండే చోటు. మైదానం రైతు మొదలుపెట్టిన పోరాటం ఆఖరి రెండేళ్ళు అడవి బిడ్డల ముంగిట్లో జరిగింది.

కోయలకు దళాల వల్ల మేలు జరగలేదని మేము అనడం లేదు. అటవీ ఉద్యోగుల మామూళ్ళు, వెట్టి, షావుకార్ల వడ్డీ ఆగినాయి. పోడు కొట్టుకుంటే అడ్డం వచ్చేవాడు లేడు. ఆ అడవుల్లో కోయల మధ్య పనిచేసిన మల్లు స్వరాజ్యం గారిని అక్కడివారు రాజక్క అని పిలుచుకున్నారు. ఆమె తల మీద ప్రభుత్వం 10,000 రూపాయలు ప్రకటించింది. ఆనాడు 10,000 అంటే ఒక గూడెం మొత్తం జన్మలో చూడని డబ్బు. అయినా పట్టివ్వలేదు. ఆ నమ్మకానికి ఏ పుస్తకంలో ఎన్ని పేజీలిచ్చినా తక్కువే.

ఆ నమ్మకానికి గూడేలు కట్టిన వెల మాత్రం వేరు. దళాలకు గింజ, నీళ్ళు, కబురు అందకుండా చేయడానికి ప్రభుత్వం గూడేలనే ఖాళీ చేయించింది. కోయలను ఇళ్ళ నుంచి లేపి, కంచె వేసిన క్యాంపుల్లో పెట్టారు. వదిలిన గుడిసెలు తగలబెట్టారు. క్యాంపుల్లో రోగాలు వచ్చి జనం చచ్చిపోయిన సంగతి సుందరయ్య గారు తన పుస్తకంలో రాశారు. అడవిలో బతికినవాళ్ళకు ఇది ఎంత కష్టమో మైదానం వాళ్ళకు సులువుగా తెలియదు. పోడు చేనుకు ఒక కారు దూరమైతే ఏడాది తిండి పోయినట్టే. ఇప్పపువ్వు రాలే నెలలో కంచెలో కూర్చుంటే ఆ పువ్వు కోసం మళ్ళీ ఏడాది ఆగాల్సిందే.

దాదాపు అదే కాలంలో మలయాలో బ్రిటిష్‌వాళ్ళు ఇదే పని చేశారు. 1950లో జనరల్ బ్రిగ్స్ పథకం కింద కమ్యూనిస్టు గెరిల్లాలకు సాయం అందకుండా లక్షల మందిని కంచెల లోపలి కొత్త ఊళ్ళకు తోలారు. అక్కడి అడవి మనుషులైన ఒరాంగ్ అస్లీలను కూడా అట్లే దించితే క్యాంపుల్లో చాలామంది చనిపోయారు. చివరికి బ్రిటిష్‌వాళ్ళే పద్ధతి మార్చుకోవలసి వచ్చింది. ఇక మన దగ్గర 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం క్యాంపులు, అక్కడి నుంచి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి పారిపోయి వచ్చిన గుత్తికోయలు. యాభై అయిదేళ్ళ తేడాతో అదే అడవి, అదే కంచె.

ఇప్పుడు విరమణ నిర్ణయం ఎట్లా జరిగిందో చూద్దాం. 1950 నాటికి కమ్యూనిస్టు పార్టీ లోపలే చీలికలు. రణదివే నాయకత్వం పోయి చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆంధ్ర నాయకులు చైనా దారిలో పోరాటం సాగాలన్నారు. డాంగే, అజయ్ ఘోష్ కాదన్నారు. తేలక చివరికి 1951 మొదట్లో నలుగురు రహస్యంగా మాస్కో వెళ్ళారు. రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య ఒకవైపు; డాంగే, అజయ్ ఘోష్ ఇంకోవైపు. ఫిబ్రవరిలో స్టాలిన్‌తో మాట్లాడారు. చైనా గెరిల్లాలకు వెన్నుదన్నుగా సోవియట్ సరిహద్దు ఉంది, మీకు అటువంటి వెన్ను లేదు అన్నది ఆయన చెప్పిన వాటిలో ముఖ్యమైనది. పటం ముందు పెట్టుకుంటే ఎవరైనా చెప్పగల మాట ఇది. తెలంగాణకు నాలుగు వైపులా భారతదేశమే. హైదరాబాదు నుంచి మాస్కోకు వెళ్ళిన ప్రశ్న ఇల్లెందు గూడేలకు పోయినట్టు మేము చదివినదాంట్లో ఎక్కడా లేదు.

ఇంతలో ఇంకో సంగతి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చారు. భూదానం పుట్టింది. తుపాకితో పంచిన భూమి పక్కనే దండం పెట్టి పంచే భూమి. ఎన్నికలు కూడా దగ్గరపడ్డాయి. దేశంలో మొదటిసారి ప్రతి పెద్దమనిషికీ ఓటు వస్తున్నది. ఆపాలన్న ఆలోచనకు ఇవన్నీ బలం చేకూర్చాయి.

పార్టీ తరఫున ఎ.కె. గోపాలన్, జ్యోతిబసు మొదలైనవారు హైదరాబాదు వచ్చారు. రైతుల చేతుల్లోని భూమి లాక్కోకూడదు, ఖైదీలను విడిచిపెట్టాలి, కేసులు ఎత్తేయాలి అన్నవి ముఖ్యమైన కోరికలు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయుధాలు అప్పగించి లొంగిపొమ్మన్నది. ఏ హామీ చేతికి రాకుండానే 1951 అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటించారు. సుందరయ్య గారి లెక్కలో అప్పటికి 4,000 మంది ప్రాణాలు పోయాయి, 10,000 మందికి పైగా జైళ్ళలో ఉన్నారు.

విరమణ కబురు అందిన దళాల్లో ఎవరికి ఎట్లా అనిపించి ఉంటుందో ఆడవాళ్ళ మాటల్లో బాగా తెలుస్తుంది. స్త్రీశక్తి సంఘటన వారు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంలో పోరాటంలో పనిచేసిన స్త్రీలు తమ కథలు చెప్పుకున్నారు. ఇన్నాళ్ళూ తుపాకి మోసిన ఆడవాళ్ళను ఇక ఇళ్ళకు పొమ్మన్నారు. ఏ ఇంటికి? కొందరికి ఇల్లే లేదు, కొందరిని ఇంటివాళ్ళు రానివ్వలేదు. అడవిలో కన్నబిడ్డను వదులుకున్న తల్లి కూడా వాళ్ళలో ఉంది. మేము హాస్టల్లో ఈ పుస్తకం మొత్తం పిల్లల చేత చదివించలేదు. కొన్ని పేజీలు చదివి వినిపించి ఆపేశాము. మాకే గొంతు పెగల్లేదు.

ఆ ఆడవాళ్ళకు కనీసం పొమ్మనే మాట అయినా వచ్చింది. కోయలకు ఆ మాట కూడా చెప్పనక్కరలేదు. వాళ్ళు ఎక్కడి నుంచో వచ్చి చేరినవాళ్ళు కాదు, వెళ్ళిపోవడానికి. పోరాటం వాళ్ళ ఇంటి ముందుకు వచ్చింది, వాళ్ళ ఇంటి ముందు నుంచే వెళ్ళిపోయింది. దళాలు దిగిపోయినాక అదే గార్డు, అదే షావుకారు, అదే పటేలు. మల్లు స్వరాజ్యం గారు తర్వాత ప్రజాజీవితంలోకి వచ్చి తుంగతుర్తి నుంచి రెండుసార్లు శాసనసభకు గెలిచారు. ఆమెకు అన్నం పెట్టిన గూడెం ఆడవాళ్ళ పేర్లు మనకు ఏ పుస్తకంలోనూ కనిపించవు.

విరమణ తప్పా ఒప్పా అని అడిగితే, 1951లో ఆపడం ఒప్పే అని మేము అనుకుంటున్నాము. ఇంకా సాగి ఉంటే క్యాంపులు పెరిగేవి తప్ప భూమి పెరిగేది కాదు. ఆపిన కొన్ని నెలలకే జనం తీర్పు కూడా వచ్చింది. హైదరాబాదు రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉండగానే పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంటు పేరుతో పోటీ చేసి శాసనసభలో 42 స్థానాలు గెలిచారు. మూడేళ్ళ ముందే ఆపమని చెప్పి మాటలు పడిన రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు వెళ్ళారు. 1950 నాటి కౌలుదారీ చట్టం వల్ల మైదానంలో కొంతమంది రక్షిత కౌలుదార్లుగా నిలదొక్కుకున్నారు. పోరాటం లేకపోతే ఆ చట్టం అట్లా వచ్చేది కాదు.

మాకున్న అభ్యంతరం వేరే. మైదానంలో నిలవలేనప్పుడు ఆపే అవకాశం 1949లోనే ఉంది. అప్పుడు ఆపకుండా అడవిలోకి పోయినారు. ఆ రెండేళ్ళ ఖర్చు ఎక్కువగా అడవివాళ్ళ లెక్కలో పడింది. తిరిగి పోయేటప్పుడు మైదానం రైతు భూమి గురించి బేరమైనా జరిగింది. క్యాంపుల్లోని కోయల పోడు గురించి, కాలిపోయిన గుడిసెల గురించి ఏ కోరికా గట్టిగా వినిపించలేదు. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1959లో చేసిన నిబంధన తెలంగాణకు 1963లో గానీ రాలేదు. అది గట్టిపడి 1/70 కావడానికి శ్రీకాకుళం కొండల్లో ఇంకో పోరాటం, ఇంకెన్నో చావులు కావలసి వచ్చాయి. తెలంగాణ లంబాడీలకు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చోటు దొరికింది 1976 చట్టంతో. ఠాను నాయక్ చనిపోయిన 26 ఏళ్ళకు. మా అనంతపురం వైపు షెడ్యూల్డు ప్రాంతమే కాదు కాబట్టి 1/70 మా తండాలకు వర్తించదు. అది వేరే వ్యాసం.

ఈ విరమణ నుంచి పాఠం నేర్చుకున్నవారిలో మా వైపు మనిషి ఒకరున్నారు. తరిమెల నాగిరెడ్డి. 1952లో అనంతపురంలో తన బావగారైన నీలం సంజీవరెడ్డినే ఓడించి మద్రాసు శాసనసభకు వెళ్ళిన మనిషి. 1969 మార్చిలో ఆయన చేసింది ఇంకో రకం విరమణ. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు రాజీనామా చేసి, ఓట్ల దారి వదిలి బయటకు వచ్చేశారు. అయితే ఆయనా, దేవులపల్లి వెంకటేశ్వరరావూ శ్రీకాకుళంలో వెంటనే ఆయుధం పట్టాలన్న చారు మజుందార్ దారిని ఒప్పుకోలేదు. జనం తమకు తాము సిద్ధం కాకుండా దళాలు పైనుంచి పోరాటం మొదలుపెట్టకూడదన్నారు. శ్రీకాకుళంలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జులైలో చనిపోయారు. ఆ కొండల్లోని జాతాపులు, సవరలు ఆ తర్వాత కూడా ఆ కొండల్లోనే ఉన్నారు. ఆయన రాజకీయాలతో మాకు పని లేదు. మొదలుపెట్టే ముందే ఆపడం గురించి ఆలోచించిన మనిషి మా కరువు నేలలో పుట్టినాడని పిల్లలకు చెప్పుకుంటాము, అంతే.

ఇదంతా చదివి మా పదో తరగతి పిల్లకు చెప్పినాము. "అడగలేదమ్మా" అన్నాము. ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు. గోడ మీది పటంలో ఇల్లెందు ఎక్కడుందో చూపించమని, పెన్సిల్‌తో చిన్న గుండ్రం చుట్టింది. ధర్మాపురం ఆ పటంలో లేదు. జనగామ పక్కన తానే రాసుకుంది.

పోయిన వారం ఆ పిల్ల నాయన వచ్చినాడు. ఈ ఏడు కాయ పట్టలేదట. బోరు కూడా పోయిందట. ఇంటిల్లిపాదీ బెంగళూరు పోతున్నారు, పిల్లను కూడా తీసుకుపోతాను, పెట్టె సర్దమని చెప్పండి మేడం అన్నాడు. పరీక్షలకు నాలుగు నెలలు ఉంది. ఆయన్ను తప్పుపట్టడానికి మాకు నోరు రాలేదు. ఆయన లెక్క ఆయనకుంది, అప్పుంది, ఇంట్లో ఇంకా ఇద్దరు చిన్నపిల్లలున్నారు.

"పిల్లను అడిగినావా నాయనా?" అన్నాము.

ఆయన మాట్లాడలేదు. కాసేపు వరండాలో కూర్చుని నీళ్ళు తాగినాడు. స్టడీ అవర్ అయ్యేదాకా ఉండమన్నాము. బెల్లు కొట్టినాక పిల్లను పిలిపించి ఇద్దరినీ వేపచెట్టు కింద వదిలేసి మేము లోపలికి వచ్చేశాము. ఏం మాట్లాడుకున్నారో మేము వినలేదు. సోమవారం మళ్ళీ వస్తానని చెప్పి ఆయన ఆఖరి బస్సుకు పోయినాడు. ఆ పిల్ల పెట్టె హాల్లో దాని చోట్లోనే ఉంది.